‘ఆడంగితనము’ అనే మాటకి అసలు అర్థం ఏమిటి?

కొండవీటి_కుర్రాడు
శనివారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇదే మొదటిసారి. పోయిన ఆదివారం మందిరంలో బైబిల్లోంచి పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయం చదివారు. 9వ వచనంలో దేవుని రాజ్యానికి వారసులు కానివాళ్ళ జాబితా ఉంటుంది కదా, జారులు, విగ్రహారాధకులు, వ్యభిచారులు, ఆ వెంటనే ‘ఆడంగితనముగలవారైనను’ అని వస్తుంది. పాస్టరుగారు ఆ మాట దగ్గర ఆగి, కొందరు మగపిల్లల నడక, మాట, చేతులు తిప్పడం గురించి పది నిమిషాలు చెప్పారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. మా అమ్మ తల వంచుకుంది.

ఎందుకు వంచుకుందో నాకు తెలుసు. ఏడో తరగతి నుంచి ఇంటర్ అయ్యేదాకా నన్ను నా పేరుతో పిలిచినదానికన్నా ఆ మాటతో పిలిచిందే ఎక్కువ. నా గొంతు సన్నం, మాట్లాడితే చేతులు కదులుతాయి, అంతే. ఇప్పుడు 26 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటికెళ్ళినప్పుడల్లా మళ్ళీ అదే.

నాకు కావల్సింది ఓదార్పు కాదు, అర్థం. పౌలు రాసిన గ్రీకు మాట ఏమిటి? అది తెలుగులో ‘ఆడంగితనం’ ఎలా అయింది? పాతరోజుల్లో కూడా ఆ మాటకి నడకా గొంతూ అనే అర్థమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గ్రీకు_ఒజ్జ
శనివారం రాత్రి 11:30

తమ్ముడూ, బైబిల్ కాలేజీలో నాలుగేళ్ళు గ్రీకుతో కుస్తీ పట్టినవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. అక్కడున్న మాట ‘మలకోయ్’. ఏకవచనంలో ‘మలకోస్’. ఉత్తి అర్థం ‘మెత్తనిది’. గ్రీకు కవులు పచ్చికకీ, పరుపుకీ వాడిన మాట.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న అదే బైబిల్లో మత్తయి 11:8 తీయండి. బాప్తిస్మమిచ్చు యోహాను గురించి యేసు జనాన్ని అడుగుతాడు, ఏమి చూడ వెళ్లితిరి, సన్నపు బట్టలు ధరించుకొనిన మనుష్యునినా అని. ఆ ‘సన్నపు’ అన్నచోట గ్రీకులో ఉన్నది ఇదే మలకోస్. లూకా 7:25లో కూడా అంతే. మత్తయి 4:23లో యేసు ప్రతి వ్యాధినీ రోగాన్నీ బాగుచేశాడని ఉంటుందే, ఆ జంటలో రెండోది ‘మలకియ’, అంటే మెత్తబడిపోవడం, నీరసం. ఒకే మాటల కుటుంబం, బట్ట దగ్గర సన్నపు అయింది, ఒంటి దగ్గర రోగం అయింది, మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆడంగితనం అయింది.

పౌలు ఆ జాబితాలో మాట వేసి ఊరుకున్నాడు, వివరించలేదు. అందుకే పండితుల్లో రెండు పక్షాలు. ఒక పక్షం, పక్కనే ఉన్న ‘పురుష సంయోగులు’ అనే మాటతో కలిపి చదివి, మగవాళ్ళ మధ్య సంబంధంలో ఒక పాత్ర గురించి అంటారు. రెండో పక్షం, ఆ రోజుల్లో నీతి గురించి రాసిన గ్రీకులు మలకోస్ అన్నది సుఖాలకి అలవాటుపడి, కష్టం తగిలితే కరిగిపోయే మనిషిని కాబట్టి, ఇక్కడా అదే అంటారు. నేను రెండోదాని వైపు మొగ్గుతాను, కానీ మొదటిది చెప్పేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ‘ఎఫెమినేట్’ అని పెట్టింది. మన ‘ఆడంగితనం’ దానికి అచ్చంగా జోడీ.

పాత_సైనికుడు
ఆదివారం ఉదయం 6:15

నేను 17 ఏళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చాను. సూటిగా చెప్తున్నా, కోపం తెచ్చుకోవద్దు. మాటలకి గ్రీకులో ఏముందో వెతుక్కుంటూ పోతే ఏ మాటకీ అర్థం మిగలదు. మగాడికి కొంచెం గట్టిదనం ఉండాలి అనేది అన్ని దేశాల్లో, అన్ని కాలాల్లో ఉన్న మాటే. మా ట్రైనింగులో వెనకబడినవాణ్ణి గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చో అనేవాళ్ళు, ఆ మాట పడలేకే చాలామంది గట్టిపడ్డాం. కుర్రాడిని ఎగతాళి చేయడం తప్పు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాటే తప్పు అంటే ఒప్పుకోను.

బెజవాడ_కతోలికుడు
ఆదివారం ఉదయం 11:05

సైనికుడుగారూ, మీరు చెప్పిన గట్టిదనం గురించే పాతవాళ్ళు చాలా లోతుగా రాశారు, అది ఇక్కడ పనికొస్తుంది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఏడో భాగంలో ‘మలకియ’ అంటే ఏమిటో చెప్తాడు. మామూలు మనుషులందరూ ఓర్చుకోగలిగిన కష్టాన్ని ఓర్చుకోలేకపోవడం. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ భలే ఉంటుంది: పై వస్త్రం కిందపడి నేలమీద ఈడ్చుకుపోతున్నా, ఎత్తి భుజాన వేసుకునే శ్రమ ఎందుకని అలాగే నడిచిపోయే మనిషి. అది నడక గురించి కాదు, బద్ధకం గురించి.

13వ శతాబ్దంలో కతోలిక పండితుడు థామస్ అక్వినాస్ దాన్నే లాటిన్‌లో ‘మొల్లితియెస్’ అన్నాడు, అంటే మెత్తదనమే. ఆయన పెద్ద గ్రంథంలో రెండో భాగపు రెండో సగం, 138వ ప్రశ్న. పట్టుదల అనే సుగుణానికి ఎదురుగా దీన్ని పెట్టాడు. సుఖం తగ్గిందనే దిగులుతో, మొదలుపెట్టిన మంచిపనిని మధ్యలో వదిలేయడమే దోషం అన్నాడు. ఇంగ్లీషు అనువాదంలో అక్కడ ‘ఎఫెమినసీ’ అని ఉంటుంది, అది చూసి ఇప్పుడు నెట్‌లో కుర్రాళ్ళు చొక్కా రంగు గురించి, గడ్డం గురించి వాదించుకుంటున్నారు. అక్వినాస్ కొలతతో చూస్తే పొద్దున అలారం మోగితే ఆపేసి పడుకునేవాడు, ఉపవాసం మొదలుపెట్టి మధ్యాహ్నానికి విరమించేవాడు, మీసాలు ఎంత మెలితిప్పినా సరే, ఆ దోషం కిందికే వస్తాడు.

గ్రీకు_ఒజ్జ
ఆదివారం మధ్యాహ్నం 1:20

కతోలికుడుగారు చెప్పింది నిజం. అయితే ఒకటి దాచకుండా చెప్పాలి, లేకపోతే తమ్ముడికి సగమే చెప్పినట్టవుతుంది. నడకా గొంతూ చూసి మనిషిని తూచడం పాతకాలంలోనూ ఉంది. రెండో శతాబ్దంలో పోలెమోన్ అనే ఆయన కళ్ళు, నడక, గొంతు చూసి మనిషి స్వభావం చెప్పే శాస్త్రమని ఒక పుస్తకమే రాశాడు. రోమ్‌లో అయితే ఇది రాజకీయ ఆయుధం. పాంపే అంటే అప్పటికి రోమ్‌కి పెద్ద సేనాపతి. ఆయన్ని బజారులో అవమానించడానికి ఆయన రాజకీయ శత్రువు క్లోడియస్ తన మనుషుల్ని పోగేసి ‘ఒంటివేలితో తల గోక్కునేది ఎవరు’ అని అడుగుతుంటే వాళ్ళు ‘పాంపే’ అని అరిచేవాళ్ళు. జుట్టు చెదరకుండా ఒక్క వేలితో గోక్కోవడం ఆడంగి లక్షణమట! జూలియస్ సీజర్ నడుముపట్టీ వదులుగా కట్టుకునేవాడని, ఆ వదులు పట్టీ కుర్రాడితో జాగ్రత్త అని అప్పటి రోమ్ నియంత సుల్లా హెచ్చరించాడని రాశారు. ఆ వదులు పట్టీ కుర్రాడే తర్వాత గాల్ దేశాన్ని మొత్తం జయించాడు.

అంటే మాట అర్థం మీద ఎవరికీ పట్టింపు లేదు. ఎవరిని కిందికి లాగాలో ముందు అనుకుని, తర్వాత ఆయనలో వేలో పట్టీయో ఏదో ఒకటి వెతికేవాళ్ళు.

తెలుగు_మాస్టారు
ఆదివారం సాయంత్రం 5:48

ఆలస్యంగా చూశాను. రిటైరైన తెలుగు పండితుణ్ణి, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మన మాట సంగతి. ‘ఆడంగులు’ అంటే మా చిన్నప్పుడు తిట్టు కాదు, ఆడవాళ్ళు అని అర్థం. మా నాయనమ్మ పెళ్ళిళ్ళలో ‘ఆడంగులంతా ఈ బంతిలో కూర్చోండమ్మా’ అనేది. దాన్నే ఏకవచనంలో ‘ఆడంగి’ అని మగవాడికి తగిలిస్తే ఎగతాళి అయింది. మాటలో దోషం లేదు, ఆడవాళ్ళతో పోల్చడమే అవమానం అనుకోవడంలో ఉంది.

సంస్కృతంలో ‘స్త్రైణ’ అని ఒకటుంది. దాన్ని ఇప్పుడు ఆడతనం అనే అర్థంలో వాడేస్తున్నాం. భాగవతం తొమ్మిదో స్కంధం, పంతొమ్మిదో అధ్యాయం మొదటి శ్లోకంలోనే యయాతిని స్త్రైణుడు అన్నారు. యయాతి ఎవరు? ఇద్దరు భార్యలు, అయిదుగురు కొడుకులు, సుఖం చాలక కొడుకు దగ్గర యవ్వనం అడిగి తీసుకున్నవాడు. అంటే అక్కడ స్త్రైణుడంటే ఆడవాళ్ళ పొందుకి బానిసైపోయినవాడు. ఇంగ్లీషు మాట కూడా ఇదే దారిలో నడిచిందట. షేక్‌స్పియర్ నాటకంలో స్నేహితుడు కత్తిపోటు తిన్నప్పుడు రోమియో, జూలియెట్ అందం నన్ను ఎఫెమినేట్ చేసింది, నా ధైర్యంలోని ఉక్కుని మెత్తబరిచింది అని కుమిలిపోతాడు. మళ్ళీ అదే మెత్తదనం, చూశారా. ఈ లెక్కన ఒకప్పుడు ఆ మాట పడినవాళ్ళు ఈ రోజు మనం మగధీరులనుకునేవాళ్ళు.

ఇక మూడోది ‘క్లైబ్యం’. గీత రెండో అధ్యాయం మూడో శ్లోకం, ‘క్లైబ్యం మా స్మ గమః పార్థ’. నపుంసకత్వాన్ని పొందకు అర్జునా అని కృష్ణుడు అంటాడు, ఆ వెంటనే అదేమిటో కూడా తానే చెప్తాడు, హృదయదౌర్బల్యం అని. సంస్కృతం వచ్చినవాళ్ళు కూడా చాలామంది ఇక్కడ ఒక సంగతి మర్చిపోతారు. ఈ మాట ఎవరితో అన్నాడు? అంతకుముందే ఏడాదిపాటు విరటుడి కొలువులో పేడిగా, అంటే ఆడా మగా కాని మనిషిగా, బృహన్నలగా బతికినవాడితో. జడ వేసుకుని, గాజులు తొడుక్కుని, ఉత్తరకి ఆటపాటలు నేర్పినవాడితో. మన తిక్కనగారు భారతం అందుకున్నదే ఆ విరాటపర్వంతో.

ఉత్తర గోగ్రహణం ఒక్కసారి కళ్ళముందు పెట్టుకోండి. ఉత్తరకుమారుడు మగవాడు, రాజకుమారుడు, అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు నేనొక్కణ్ణే కౌరవసేనని చీల్చేస్తానని బయల్దేరాడు. సేన కనబడగానే రథం మీంచి దూకి పరుగెత్తాడు. బృహన్నల వెంటబడింది. పొడవాటి జడ ఎగురుతోంది, ఎర్రబట్టలు గాలికి రెపరెపలాడుతున్నాయి, కౌరవసైనికుల్లో కొందరు చూసి నవ్వారు. ఆ వేషంతోనే కుర్రవాణ్ణి పట్టుకుని, ధైర్యం చెప్పి, పగ్గాలు చేతికిచ్చి, జమ్మిచెట్టు మీంచి గాండీవం దింపించాడు. ఆ రోజు భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అందరూ ఓడింది ఆ జడ వేసుకున్నవాడి చేతిలోనే. తెలుగువాళ్ళు దీంట్లోంచి సామెతలాగా తీసుకున్న మాట ఏమిటి? ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’. బృహన్నలని కాదు, ఉత్తరుణ్ణి ఎగతాళి చేశారు. ఈ విషయంలో మన పల్లెజనం బుద్ధి సరిగ్గానే పనిచేసింది.

నెల్లూరి_పెన్న
ఆదివారం రాత్రి 8:10

మాస్టారూ నమస్కారం. మీ మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, మా నెల్లూరిలోనే దీనికి తిరగేసిన కథ ఉంది. ఖడ్గతిక్కన. కవి తిక్కనకి దాయాది, నెల్లూరు రాజు మనుమసిద్ధి దగ్గర సేనాని. కాటమరాజుతో పుల్లరి (పశువుల మేతకి కట్టే పన్ను) తగాదాలో యుద్ధానికి పోయి వెనక్కి వచ్చేశాడని చాటుకథ. ఇంటికొస్తే భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డంపెట్టి, పక్కన పసుపుముద్ద పెట్టిందట. ఇదేమిటంటే ‘ముగురాడువారమైతిమి’, అత్తగారూ నేనూ ఇద్దరమే ఉండేవాళ్ళం, నీతో ముగ్గురం ఆడవాళ్ళమయ్యాం, ఇక సిగ్గెందుకు అంది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించింది, నీలాగే పాలూ విరిగాయని. ఆయన మళ్ళీ వెళ్ళి పోరాడి చనిపోయాడు. మా తాత ఈ పద్యం చెప్తూ ఏడ్చేవాడు. అంటే మాటకి అంత బలం ఉంది, ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్ళేంత.

సిరిమల్లె
సోమవారం ఉదయం 7:25 (డల్లాస్)

పెన్నగారూ, ఆ కథ నేను మా అమ్మమ్మ దగ్గర విన్నాను, ఇప్పుడు మీరు రాస్తుంటే కొత్తగా ఒకటి తట్టింది. ఆ ఇంట్లో భయపడింది ఎవరు? మగవాడు. భయపడంది ఎవరు? ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళు అతన్ని తిట్టడానికి ఎంచుకున్న మాట ఏమిటి? ‘నువ్వు మాలాంటివాడివయ్యావు’ అని! అతను వాళ్ళలాంటివాడు అయ్యుంటే అసలు వెనక్కి వచ్చేవాడే కాదు కదా. ఆ పసుపుముద్ద పెట్టిన చేతికి ఈ సంగతి తట్టలేదు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి విన్నది ఆ ఒక్క మాటే.

ఇంకోటి. ఆడపిల్ల చెట్టెక్కితే, బండి నడిపితే మనవాళ్ళు మగరాయుడు అంటారు, ఒకపక్క విసుక్కుంటూనే ఇంకోపక్క మురిసిపోతారు. రుద్రమదేవి మగవేషంలో ఉండి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనిపించుకుంటే ఆమెకి విగ్రహాలు పెట్టుకున్నాం. అదే మగపిల్లాడు ముగ్గు వేస్తే? మా తమ్ముడు చిన్నప్పుడు సంక్రాంతికి నాకన్నా బాగా ముగ్గు పెట్టేవాడు, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు చెయ్యి ఎత్తకుండా కలిపేవాడు. ఎనిమిదేళ్ళప్పుడు మా బాబాయి చూసి ఆ మాట అన్నాడు. వాడు ముగ్గుగిన్నె అక్కడే పెట్టేసి లోపలికెళ్ళాడు, మళ్ళీ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు వాడికి నలభై రెండు.

తిలంగా
సోమవారం మధ్యాహ్నం 12:40

నా పేరు చూసి చాలామంది తెలంగాణ అని టైపు తప్పు పడిందనుకుంటారు, అందుకే ఈ చర్చలో రాయాలనిపించింది. పాత సైనికుడుగారు తప్పకుండా చదవాలి.

18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. 1757 ప్లాసీ నాటి సంగతి. వాళ్ళని చూసి ఉత్తరాదివాళ్ళు కంపెనీ సిపాయి ఎవడైనా సరే ‘తిలంగా’ అనడం మొదలుపెట్టారు. ఎంతగా అంటే వందేళ్ళ తర్వాత 1857లో ఢిల్లీలోకి వచ్చిన తిరుగుబాటు సిపాయిల్ని కూడా ఉర్దూలో ‘తిలంగే’ అనే రాశారు, వాళ్ళలో ఎక్కువమంది అవధ్ వైపువాళ్ళైనా సరే. తెలుగువాడి పేరే సైనికుడు అనే మాటకి మారుపేరు అయిందన్నమాట.

ఇప్పుడు రెండో సగం. 1841లో మెకాలే వారన్ హేస్టింగ్స్ గురించి రాస్తూ బెంగాలీవాళ్ళ ఒళ్ళు ఎఫెమినసీ అనేంత బలహీనమని రాశాడు, ఆవిరిస్నానంలో ఉన్నట్టు బతుకుతారని కూడా. 1857 తర్వాత ఏ జాతి యుద్ధానికి పనికొస్తుంది, ఏది పనికిరాదు అని పట్టీలు తయారుచేశారు. రాబర్ట్స్ అనే సేనాపతి 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి, తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి. దక్షిణాదివాళ్ళు సుఖానికి, శాంతికి అలవాటుపడి పోరాటగుణం పోగొట్టుకున్నారని ఆయన అభిప్రాయం. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు పైకెక్కారు, తెలుగువాళ్ళ భర్తీ తగ్గుతూ వచ్చింది. 1883లో ఇల్బర్ట్ బిల్లు గొడవ చూడండి, తెల్లవాళ్ళ మీద కేసుని భారతీయ జడ్జి వినడమా అని గోల చేసినప్పుడు కూడా వాళ్ళు ఎత్తుకున్న వాదాల్లో ఇదొకటి, ఈ మెత్తటి బాబులా మా మీద తీర్పు చెప్పేది అని.

ఆ నూటపాతికేళ్ళలో మన ఒంటి ఎముకలేం మారలేదు. మద్రాసులో యుద్ధాలు అయిపోయాయి, వాళ్ళ అవసరం వాయవ్య సరిహద్దుకి మారింది. అవసరం ఉన్నప్పుడు తిలంగా, తీరాక మెత్తనివాడు.

పాత_సైనికుడు
సోమవారం రాత్రి 9:02

తిలంగాగారూ, ఇది నాకు తెలియదు. మార్షల్ రేస్ అనే మాట మా లైన్లలో విన్నాను, మద్రాసీవాళ్ళంటే ఇడ్లీ సాంబార్ అనే మాటా పడ్డాను. పడినప్పుడు ఒళ్ళు మండింది. ఆ మంటా కుర్రాడి మంటా ఒకటే అని ఇప్పటిదాకా అనుకోలేదు.

అయినా నా మాట పూర్తిగా వదులుకోను. పట్టుదల లేనివాణ్ణి, కష్టానికి పారిపోయేవాణ్ణి ఏదో ఒకటి అనాలి. మాట ఉండాలి.

సిరిమల్లె
సోమవారం రాత్రి 9:40

అన్నయ్యా, ఉంది కదా. పిరికి. బద్ధకస్తుడు. చేతకానివాడు. తెలుగులో కావలసినన్ని ఉన్నాయి, వాటిలో ఏదీ నన్ను గానీ మీ అమ్మాయిని గానీ తిట్టదు.

పాత_సైనికుడు
సోమవారం రాత్రి 9:55

నాకు ఇద్దరమ్మాయిలు. సరే తల్లీ.

కూచిపూడి_గజ్జె
మంగళవారం ఉదయం 10:18

మాస్టారు బృహన్నల దగ్గర ఆపేశారు, నేను మా ఊరివైపు నుంచి కొంచెం చెప్తాను. కూచిపూడి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నాటి నుంచి వస్తున్న కట్టుబాటు అని చెప్పుకుంటారు. ఎగతాళిగా కాదు, మొక్కుగా. వేదాంతం సత్యనారాయణశర్మగారు భామాకలాపంలో జడ ముందుకి వేసుకుని నిలబడితే ఊరి ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకునేవాళ్ళని మా నాన్న అనేవాడు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. నాటకాల్లో అయితే బాపట్ల స్థానం నరసింహారావుగారు, శ్రీకృష్ణతులాభారంలో సత్యభామ, ఆయనకి 1956లోనే పద్మశ్రీ.

కాకతీయుల సేనాని జాయప ఉన్నాడు కదా, ఏనుగుల దళానికి అధిపతి, యుద్ధాలు చేసినవాడు. 13వ శతాబ్దం మధ్యలో ఆయన రాసిన నృత్తరత్నావళిలో తాండవమూ ఉంది, లాస్యమూ ఉంది. లాస్యం పార్వతిది అంటారు, మెత్తదనమే దాని ప్రాణం. ఏనుగుల్ని నడిపించినవాడు దాని గురించి కూర్చుని రాస్తే తక్కువతనం కాలేదు.

కానీ నిజం చెప్పుకోవాలి. వేదిక మీద చప్పట్లు కొట్టిన ఊరే వేదిక దిగాక మా అన్నయ్యని ఆ మాట అంది. అతను భామ వేషం బాగా కట్టేవాడు. బస్సులో స్కూలుకెళ్ళేటప్పుడు వెనకసీటు వాళ్ళు జడ ఏదిరా అని చొక్కా కాలర్ లాగేవాళ్ళు. పదోతరగతి తర్వాత గజ్జె కట్టనన్నాడు. ఆ గజ్జెలు నా దగ్గరే ఉన్నాయి, నా పేరు అందుకే.

వకీలు_చార్మినార్
మంగళవారం సాయంత్రం 6:30

మాట తిట్టుగా ఉన్నంతవరకు మనసు నొచ్చుకుంటుంది, అదే చట్టంలోకి ఎక్కితే జైలు. ఇది మన హైదరాబాద్ సంగతే కాబట్టి రాస్తున్నా.

నిజాం కాలంలో 1329 ఫసలీ, అంటే 1919 ప్రాంతంలో, నపుంసకుల చట్టం అని ఒకటి చేశారు. ఉత్తరాదిలో తెల్లవాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టంలో రెండో భాగంగా పెట్టినదాని పోలికే. రిజిస్టరులో పేరెక్కినవాళ్ళు ఆడబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడితే, లేదా వీధిలో పాడినా ఆడినా, వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ళ దాకా శిక్ష. చీర కట్టడమే నేరం అన్నమాట. 1950 వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద నాల్సా తీర్పు వచ్చింది, అయినా ఈ చట్టం పుస్తకాల్లో అలాగే పడి ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది, సమానత్వానికీ గౌరవంగా బతికే హక్కుకీ విరుద్ధమని. నూట మూడు నాలుగేళ్ళు బతికిందది.

కొండవీటి తమ్ముడు ట్రాన్స్‌జెండర్ అని నేను అనడం లేదు, ఆ రెండూ కలిపెయ్యకూడదు. ఒకరి గొంతు సన్నగా ఉండటం వేరు, ఒకరు తమని తాము స్త్రీగా తెలుసుకోవడం వేరు, ఒకరు ఎవరిని ప్రేమిస్తారనేది ఇంకా వేరు. ఈ మూడిటినీ కలిపి ఒకే మూటగా కట్టేది ఈ ఒక్క మాటే, అందుకే దీన్ని విప్పి చూడటం అవసరం.

తెలుగు_మాస్టారు
మంగళవారం రాత్రి 8:15

వకీలుగారు చాలా ముఖ్యమైన సంగతి చెప్పారు. నేను చిన్నది ఒకటి కలిపి ఊరుకుంటాను. మా తాతగారి ఫొటో ఇంట్లో ఉంది. చెవులకి పోగులు, వెనక సిగ, చేతికి వెండి కడియం. ఊరి మునసబు ఆయన, ఎదురుగా మాట్లాడ్డానికి జనం జంకేవాళ్ళట. మా నాన్న మొదటిసారి క్రాపు కొట్టించుకొస్తే ఇంట్లోకి రానివ్వలేదు ఆయన. ఇప్పుడు నా మనవడు చెవికి పోగు పెట్టించుకుని జుట్టు పెంచితే మా వాళ్ళు ఆడంగిలా ఏమిట్రా ఇది అన్నారు. ఆ ఫొటో కిందే నిలబడి అన్నారు. ఫొటో చూపించాను, కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

కొండవీటి_కుర్రాడు
ఆదివారం రాత్రి 9:50

వారం తర్వాత రాస్తున్నందుకు క్షమించండి, అన్నీ మూడు నాలుగుసార్లు చదివాను. ఒజ్జగారూ, పోలెమోన్ సంగతి దాచనందుకు మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్, పాతకాలంలో ఎవరూ నడక పట్టించుకోలేదని మీరు చెప్పుంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

నిన్న ఊరెళ్ళాను. పాస్టరుగారితో మాట్లాడదామనుకున్నా గానీ గడప దాకా వెళ్ళి టెన్షన్‌తో వెనక్కొచ్చేశాను, అది ఇంకోసారి. అమ్మతో మాత్రం మాట్లాడాను. పెద్దక్షరాల బైబిల్ తెచ్చి మత్తయి 11:8 చదవమన్నాను. చదివింది. తర్వాత కొరింథీ 6:9 తీసి ఒక వేలు దీని మీద, ఒక వేలు దాని మీద పెట్టి, రెండుచోట్లా ఒకటే మాటమ్మా అన్నాను. నమ్మలేదు. ఒజ్జగారు రాసింది ఫోన్‌లో చూపించాను. ‘సన్నపు బట్టలా?’ అంది. ‘మెత్తనిదని అసలు అర్థం’ అన్నాను. పండితులు రెండు రకాలుగా చెప్తారని కూడా చెప్పాను, దాచలేదు.

చాలాసేపు ఆ పేజీ వైపే చూసింది. ‘పదేళ్ళుగా ఈ వచనం వచ్చినప్పుడల్లా నీకోసం ఉపవాసం ఉంటున్నాను రా’ అంది. నాకు తెలియదు ఆ విషయం. శుక్రవారాలు భోంచేయదని తెలుసు, ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ పొద్దున మందిరానికి వెళ్ళేముందు చూస్తే కొరింథీ 6:9 పక్కన, అంచులో, పెన్సిల్‌తో ‘మెత్తని, మత్తయి 11:8 చూడు’ అని రాసుంది. అమ్మ అయిదో తరగతి దాకే చదువుకుంది, ‘త్త’ వత్తు కొంచెం వంకరగా పడింది.

మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. మా నాయనమ్మ గడ్డం రాని మగవాణ్ణి ‘పేడిమూతివాడు’ అనేది. తిక్కనగారి బృహన్నలకి వాడిన పేడి, ఇదీ ఒకటేనా?

తెలుగు_మాస్టారు
సోమవారం ఉదయం 6:05

ఒకటే నాయనా. మీ నాయనమ్మ నోట్లో ఉన్నదీ, తిక్కన గంటంలో ఉన్నదీ అదే మాట. వీలైతే విరాటపర్వం మూడు, నాలుగు ఆశ్వాసాలు సంపాదించి చదువు. కష్టమైనచోట ఇక్కడే అడుగు, నేను పొద్దున్నే చూస్తాను.